మా పెరట్లో ఆకు కాల్చడం మానేసాక

మాది గుంటూరు, కొరిటెపాడు దగ్గర పాత ఇల్లు. వెనకాల అరవై గజాల పెరడు ఉంది, అందులో ఒక వేపచెట్టు, ఒక బాదంచెట్టు, ఒక మూలగా కరివేపాకు. ఉగాది ముందు వేప, బాదం రెండూ పోటీపడి ఆకు రాలుస్తాయి, పొద్దున చిమ్మితే సాయంత్రానికి మళ్ళీ నేల కనపడదు. మేమే కాదు మా వీధిలో అందరూ చేసేది ఒకటే, మూలకి ఊడ్చి పోగుపెట్టి అగ్గిపుల్ల గీసెయ్యడం. నేనూ ఏళ్ళ తరబడి అదే చేసా. 2023 మార్చిలో మా చిన్నోడికి పిల్లికూతలు ఎక్కువై రాత్రిళ్ళు నిద్రపోలేకపోయేవాడు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన మందులు రాస్తూ "ఇంట్లోగానీ చుట్టుపక్కలగానీ పొగ ఉంటుందామ్మా" అని అడిగారు. నా నోట మాట రాలేదు. ఆ పొద్దున్నే కదా నేను బాదం ఆకు తగలబెట్టి వచ్చింది.

ఆరోజు నుంచి కాల్చడం ఆపేసా. ఐతే ఆకు ఆగదుగా, అది రాలుతూనే ఉంటుంది. చెత్త బండికి ఇద్దామంటే రోజూ రెండు మూడు గోతాల ఆకు ఎక్కించుకోమని వాళ్ళని మాత్రం ఎన్ని రోజులు అడుగుతాం. అప్పుడు మొదలైంది ఈ కంపోస్ట్ వ్యవహారం. మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది, చాలామంది ఇంటికొచ్చి చూసి ఎలా చేసావు అని అడుగుతున్నారు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా, చెడిపోయినవి కూడా.

ముందు మా మట్టి సంగతి చెప్పాలి. అసలు నేల నల్లరేగడి. ఇల్లు రిపేర్ చేయించినప్పుడు పగలగొట్టిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు అన్నీ పెరట్లోనే పడేసి పైన రెండు ట్రక్కుల గ్రావెల్ తోలించి చదును చేసారు. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. అందుకే ఎండాకాలం మా పెరట్లో చెయ్యి పట్టేంత పగుళ్ళు వచ్చేవి, వానాకాలం చెప్పు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోయేది. గోంగూర వేస్తే జానెడు పెరిగి పసుపెక్కిపోయేది, మందారానికి ఎప్పుడూ పిండినల్లి. నేను ప్రతిసారీ చెట్టుకి ఏదో జబ్బు అనుకునేదాన్ని, గుప్పెడు యూరియా చల్లేదాన్ని, నర్సరీ నుంచి ఇంకో మొక్క తెచ్చి అదే గోతిలో పెట్టేదాన్ని. మా ఆయన విసిగిపోయి "మొత్తం టైల్స్ వేయించేద్దాం, నీకూ చాకిరీ తప్పుద్ది" అన్నారు. ఒక్క ఏడాది టైమ్ ఇవ్వండి అని అడిగా. సరే అన్నారు.

మా అత్తయ్యగారిది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నేను కంపోస్ట్ అంటే ఆవిడ "ఓసి, పెంటపోగేగా" అన్నారు. వాళ్ళింట్లో గొడ్ల చావిడి పక్కన పెద్ద దిబ్బ ఉండేదట, పేడ, తిని వదిలేసిన చొప్ప, ఇంటి ఊడుపు, పొయ్యిలో బూడిద అన్నీ అందులోకే, ఎండాకాలం బండ్లకెత్తి చేలోకి తోలేవాళ్ళట. "చివకాలి అమ్మాయ్, చివికితేనే ఎరువు, లేకపోతే వట్టి పెంట" అని ఆవిడ అన్న ఒక్క మాట నాకు తర్వాత ఎన్ని వీడియోలు చూసినా దొరకలేదు. అప్పుడు మాత్రం నేను ఆ మాట సరిగ్గా వినలేదు.

ఎందుకంటే నేను ముందు కొన్నది డ్రమ్ము. ఎనభై లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, చుట్టూ పది పన్నెండు రంధ్రాలు వేయించి వంటింటి చెత్త వెయ్యడం మొదలుపెట్టా, కూరగాయ తొక్కలు, టీ పొడి, అరటి తొక్కలు, మిగిలిన అన్నం కూడా. ఆకులన్నీ పక్కన గుట్టగా అలాగే ఉన్నాయి, వాటిని వేస్తే డ్రమ్ము నిండిపోతుందని వెయ్యలేదు. పదిహేను రోజులకి మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన, అడుగున నల్లటి నీళ్ళు, తెల్లటి పురుగులు అంచులెక్కి పాకుతున్నాయి. ఏప్రిల్ ఎండ, ఆ వాసన పక్కింటి దాకా వెళ్ళింది. పక్కింటి పిన్నిగారు పాపం గొడవేమీ పెట్టుకోలేదుగానీ కిటికీలు మూసేసుకున్నారు, అది నాకు ఇంకా బాధనిపించింది. డ్రమ్ములో ఉన్నదంతా గొయ్యి తీసి పూడ్చిపెట్టా.

తర్వాత కూర్చుని అసలు లోపల ఏం జరుగుద్దో చదివా. చెత్తని మట్టి చేసేది మనం కాదు, సూక్ష్మజీవులు. వాటికి ఒంటి బలానికి కార్బన్ కావాలి, ఒళ్ళు కట్టుకోవడానికి నైట్రోజన్ కావాలి, సుమారు ముప్పై పాళ్ళు కార్బన్‌కి ఒక పాలు నైట్రోజన్ ఉంటే వాటికి కడుపునిండా భోజనం. ఎండుటాకు, వరిగడ్డి, అట్టపెట్టె ముక్కలు ఇవన్నీ కార్బన్ వైపు. కూరగాయ తొక్కలు, పచ్చి గడ్డి, పేడ నైట్రోజన్ వైపు. మన భోజనం లెక్కలో చెప్పాలంటే ఒకటి అన్నం, ఒకటి పప్పు. నేను డ్రమ్ములో వట్టి పప్పు పోసా. పైగా గాలి లేదు, నీళ్ళు ఎక్కువ, గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు వేరే, ఆ కంపు వాటిదే. ఇన్నాళ్ళూ నేను కాల్చేసిన బాదం ఆకే ఆ డ్రమ్ముకి కావాల్సిన అన్నం అని అర్థమయ్యాక మనసుకి ఎంత కష్టమనిపించిందో చెప్పలేను.

జూన్‌లో వానలు పడ్డాక రెండోసారి మొదలుపెట్టా. ఈసారి డ్రమ్ము లేదు, నేలమీదే. వేపచెట్టు నీడలో గజం పొడుగు, గజం వెడల్పు, గజం ఎత్తు వచ్చేలా ఇనప జాలీ గుండ్రంగా కట్టించా. గజం కన్నా చిన్నదైతే లోపల వేడి నిలవదు, ఇది చాలా ముఖ్యం, చిన్న కుండల్లో చేసేవాళ్ళకి కంపోస్ట్ వస్తుంది కానీ వేడెక్కదు, నెమ్మదిగా అవుద్ది. అడుగున గాలి ఆడ్డానికి కంది కట్టె, వేప పుల్లలు అడ్డదిడ్డంగా పరిచా. దానిమీద రెండున్నర మూడు బకెట్ల ఎండుటాకుకి ఒక బకెట్ వంటింటి చెత్త చొప్పున, మధ్యమధ్యలో పేడ కలిపిన నీళ్ళు. పేడ మాకు పాలు పోసే ఆయన దగ్గర, గేదె పేడే, "దీంతో ఏం చేస్తావమ్మా" అంటూనే గంపెడు పంపేవాడు. బాదం ఆకు పెద్దది, తోలు లాగా ఉంటుంది, అలాగే వేస్తే ఒకదాని మీద ఒకటి అతుక్కుని రేకుల్లా అయిపోద్ది, నీళ్ళు దిగవు గాలి ఆడదు. కాబట్టి గోతాంలో వేసి కాలితో తొక్కి నలగ్గొట్టి వేసేదాన్ని. ఎండ బాగా తగిలిన ఆకైతే ఐదు నిమిషాల్లో పొడిపొడి అయిపోద్ది.

మా ఆకు సరిపోలేదు అంటే నమ్మండి! కాల్చే రోజుల్లో ఎంత ఉందో అనిపించిన ఆకు కుప్పలో వేస్తే మోకాలెత్తు. ఎదురుగా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న రోజూ గేటు బయట కానుగ ఆకు కాలుస్తాడు, ఆయన్ని అడిగా, "అన్నా కాల్చకుండా గోతాంలో వేసి పెట్టు, నేను తీసుకుంటా, గోతాలు నేనే ఇస్తా" అని. మొదట నమ్మలేదు, రెండు రోజులు చూసి నిజంగానే తీసుకెళ్తోంది అని తెలిసాక ఇప్పుడు ఆయనే గేటు దగ్గర పెట్టి ఫోన్ చేస్తాడు. మా వీధిలో ఒక పొగ తగ్గింది. కానుగ ఆకు పప్పుజాతి చెట్టుది కదా, బాదం కన్నా త్వరగా చివుకుద్ది.

తడి ఎంత ఉండాలో చాలామంది తికమకపడతారు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే, ధారగా వస్తే ఎక్కువ, ఏమీ రాకపోతే తక్కువ. మూడో రోజు పొద్దున కుప్ప మీద నుంచి ఆవిరి లేస్తోంది! ఇనప చువ్వ ఒకటి మధ్యలోకి గుచ్చి పది నిమిషాలాగి తీసి పట్టుకుంటే చెయ్యి కాలింది. తర్వాత పొడుగు థర్మామీటర్ ఒకటి తెప్పించుకున్నా, ఐదో రోజు 62 డిగ్రీలు చూపించింది. బయట ముప్పై ఐదు, లోపల అరవై రెండు, నిప్పు లేదు కరెంటు లేదు, వట్టి సూక్ష్మజీవులు తిని ఊపిరి వదిలిన వేడి. 55 దాటి కొన్ని రోజులు నిలబడితే కలుపు విత్తనాలు చాలావరకు, రోగాలు తెచ్చే క్రిములు చచ్చిపోతాయి. 65 దాటితే మళ్ళీ మనకి పనిచేసేవి కూడా పోతాయి, అప్పుడు తిరగెయ్యాలి. నేను వారానికోసారి ఆదివారం తిరగేసేదాన్ని, బయటది లోపలికి, లోపలది బయటకి. నడుము పడిపోయేది మొదట్లో, కానీ తిరగేసిన మర్నాడు మళ్ళీ థర్మామీటర్ ముల్లు పైకి లేస్తుంటే ఆ నొప్పి గుర్తుండేది కాదు.

మూడో వారం తిరగేస్తుంటే లోపల ఆకులమీద బూడిద చల్లినట్టు తెల్లగా దారాలు. బూజు పట్టి పాడైపోయిందేమో అని భయపడ్డా. కాదు, అవి ఆక్టినోమైసిటీస్ అనే బ్యాక్టీరియా, చూడ్డానికి బూజులా ఉంటాయి, గట్టి పీచుని విరగ్గొట్టేవాటిలో ఇవీ ఉన్నాయి. తొలకరి పడ్డప్పుడు మట్టి వాసన వస్తుంది చూడండి, ఆ వాసన వీటి జాతివే ఎక్కువగా తయారుచేసే పదార్థం. ఇంకోటి చెప్పాలి, నాకు ఒళ్ళు పులకరించిన విషయం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో పరిశోధనలు నడిపించిన రోజుల్లో 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొట్టమొదటిది. అది మట్టిలోంచి తీసిన ఇలాంటి ఆక్టినోమైసిటీ నుంచే వచ్చింది. ఎన్ని లక్షల ప్రాణాలు కాపాడిందో ఆ మందు. దాని చుట్టాలు మా పెరట్లో బాదం ఆకుల్లో పనిచేస్తున్నాయి, నేను ఇన్నేళ్ళూ నిప్పంటించా.

కుప్పలోకి వచ్చే పురుగులన్నీ ఒకేరకం కావు. రోకలిబండలు వస్తే ఉండనివ్వండి, అవి ఎండుటాకు తిని ముక్కలు చేస్తాయి. గండుచీమలు గూడు కడితే కుప్ప ఎండిపోయిందని అర్థం, నీళ్ళు చల్లితే అవే పోతాయి. బొటనవేలంత లావు తెల్లటి పురుగు కొడవలిలా ముడుచుకుని కనిపిస్తే మాత్రం జాగ్రత్త, అది కొమ్ము పురుగు పిల్ల కావచ్చు, పెద్దయ్యాక కొబ్బరి మొవ్వు తొలిచేస్తుంది. చుట్టుపక్కల ఇళ్ళల్లో కొబ్బరిచెట్లున్నాయి కాబట్టి నేను ఏరి తీసేస్తా, కాకులూ గోరింకలూ తినేస్తాయి. పందికొక్కుల విషయంలో తప్పు నాదే. మే నెలలో కొత్త ఆవకాయ పెట్టాక నిరుడు మిగిలిన జాడీ అడుగు అంతా వృథా పోతుందని, దాచి ఉంచింది తర్వాత కుప్పలో పోసేసా. నూనె, ఉప్పు, ముక్కలు. నూనె వాసనకి రెండు రాత్రుల్లో పందికొక్కు జాలీ కింద బొక్క పెట్టేసింది, అంత ఉప్పు పడ్డ చోట కుప్ప చల్లబడిపోయింది కూడా. అప్పటినుంచి పచ్చళ్ళు, నూనె కూరలు, మాంసం, ఎముకలు, పాలు పెరుగు ఏవీ వెయ్యను. జాలీ అడుగున కూడా సన్న కన్ను మెష్ వేయించా. పాములొస్తాయని మా వీధిలో ఒకరు భయపెట్టారు, నిజం చెప్పాలంటే పాము ఎక్కువగా వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది తిండి కోసం, తిండి పదార్థం పైకి కనపడకుండా ప్రతిసారీ ఆకు కప్పితే రెండూ రావడం తగ్గుద్ది. ఈ రెండేళ్ళలో నాకైతే ఒక్క పాము కూడా కనపడలేదు.

తుంగ గడ్డలు కూడా వెయ్యకండి, ఎంత వేడెక్కినా ఒక్క గడ్డ మిగిలితే పెరడంతా తుంగే. మేడమీద వారం రోజులు ఎండలో పరిచి పూర్తిగా ఎండాకే వేస్తా. వయ్యారిభామైతే పూత రాకముందే పీకి వెయ్యాలి.

దసరాకి మొదటి కుప్ప దిగింది. గజం ఎత్తు కుప్ప అడుగున్నర అయింది. తాపీ మేస్త్రి దగ్గర ఇసుక జల్లెడ అడిగి తెచ్చి జల్లిస్తే ఐదు బస్తాలు వచ్చింది, నల్లగా, కాఫీ పొడి లాగా, చేతికి అంటుకోకుండా. పైన మిగిలిన పుల్లలు, మామిడి టెంకలు మళ్ళీ కొత్త కుప్పలోకి. అత్తయ్యగారు గుప్పెడు తీసుకుని వాసన చూసి "ఇదీ చివికిందంటే" అన్నారు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు.

కంపోస్ట్ వెయ్యకముందే భూసార పరీక్షకి మట్టి ఇచ్చా. పెరట్లో ఐదారు చోట్ల జానెడు లోతు తవ్వి తీసి కలిపి అరకిలో ఇస్తే చాలు. సేంద్రియ కార్బన్ 0.31 శాతం అని వచ్చింది. 0.5 లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. పీహెచ్ 8.2, అంటే క్షారం వైపు. అది చూసాకే ఇంకో విషయం అర్థమైంది, మేము ఆకు కాల్చిన బూడిద మొక్కలకి మంచిదని మొదళ్ళలో పోసేవాళ్ళం. బూడిద క్షారం. పులుపు నేలలున్న చోట అది పనికొస్తుందేమోగానీ మన నల్లరేగడికి అది అసలే ఉన్న ఇబ్బందిని పెంచడమే. గుడ్డు పెంకులు పొడి చేసి వెయ్యమని కూడా అందరూ చెప్తుంటారు, మన నేలలో సున్నం మామూలుగానే ఉంటుంది, కుప్పలో పడితే పడనీ కానీ పనిగట్టుకుని పోగుచేసి మొక్కలకి వెయ్యక్కర్లేదు.

కంపోస్ట్ ఎలా వేసానంటే, తవ్వలేదు. మొదట పాదులు చేసే చోట మాత్రం పలుగుతో ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఏరేసా, అది పదిరోజుల పని. ఆ తర్వాత మట్టిని తిరగెయ్యకుండా పైనే రెండంగుళాల మందం కంపోస్ట్ పరిచి దానిమీద నాలుగు వేళ్ళ మందం ఎండుటాకు కప్పా. మట్టిలో శిలీంధ్రాల దారాలుంటాయి, వానపాములు చేసుకున్న సొరంగాలుంటాయి, గాలీ నీళ్ళూ వేళ్ళూ వాటిలోంచే దిగుతాయి. ప్రతిసారీ గుల్ల చేస్తున్నాం అని తవ్వితే వాటి ఇళ్ళు కూల్చినట్టే. పైన తిండి పెడితే కిందకి తీసుకెళ్ళే పని అవే చేసుకుంటాయి.

ఈ ఆకు కప్పడం దగ్గరే మా ఇంట్లో అసలు పేచీ వచ్చింది. అత్తయ్యగారికి నిద్రలేవగానే ముందూ వెనకా చీపురు పడాలి. ఆకు రాలిన పెరడంటే ఆవిడ దృష్టిలో ఇల్లాలు లేని ఇల్లు. నేను పొద్దున కప్పిన ఆకు పదింటికల్లా శుభ్రంగా ఊడ్చి గోడవార పెట్టేసేవారు, నేను ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ కప్పేదాన్ని. ఇలా ఓ నెల నడిచింది, ఒకరినొకరు ఏమీ అనుకోలేదు కానీ ఇద్దరికీ కష్టంగానే ఉంది. ఒకరోజు ఆవిడని కూర్చోబెట్టి ఒక చోట ఆకు కింద చెయ్యి పెట్టించా, ఇంకోచోట ఊడ్చిన నేల మీద పెట్టించా. మధ్యాహ్నం మూడింటికి. ఒకటి చల్లగా తడిగా ఉంది, ఒకటి పెనంలా కాలుతోంది. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ముందు వాకిలి ఆవిడ రాజ్యం, కళ్ళాపి, ముగ్గు, ఒక్క ఆకు ఉండకూడదు. వెనక నడిచే దారి మాత్రం ఊడ్చి, ఆ ఊడ్చిన ఆకుని పాదుల్లోకి తోసేవారు.

డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చింది, 5వ తారీఖు బాపట్ల దగ్గర తీరం దాటింది, మనకి ఇక్కడ వాన తెరిపి ఇవ్వలేదు. దసరాకి మొదలుపెట్టిన రెండో కుప్ప మీద టార్పాలిన్ వేసా కానీ గాలికి లేచిపోయింది. వాన తగ్గాక చూస్తే ముద్ద ముద్ద, చల్లగా, మళ్ళీ అదే డ్రమ్ము వాసన. కానీ ఈసారి భయం వెయ్యలేదు. మొత్తం విప్పి నేలమీద ఒకరోజు ఆరబెట్టి, గోతాల్లో దాచుకున్న ఎండుటాకూ, చింపిన అట్టపెట్టెలూ బాగా కలిపి మళ్ళీ పేర్చా. నాలుగో రోజుకి 50 డిగ్రీలు. ఎండుటాకు ఎప్పుడూ పది గోతాలు కప్పు కింద దాచుకోండి, ఉగాది అప్పుడు దొరికినంత వానాకాలంలో దొరకదు. మా మరిది వాళ్ళ చేను మిర్చి ఐతే ఆ వానకి మొత్తం నేలకొరిగింది, అది తల్చుకుంటే నా కుప్ప ఎంత.

ఆ మిర్చి మాట వచ్చింది కాబట్టి, గుంటూరులో తొడిమలు తీసే చోట మిర్చి తొడిమలు గోతాలకొద్దీ దొరుకుతాయి, ఎండు సరుకు కదా అని ఒకసారి తెచ్చి కలిపా. చివకడం బాగానే చివికాయి, కానీ తిరగేసినప్పుడల్లా ఆ దుమ్ముకి ఇంట్లో అందరం దగ్గు. మందులు కొట్టిన పంట అన్న అనుమానం కూడా ఉంది. పిల్లాడికి పిల్లికూతలున్న ఇంట్లో అది సరైన పని కాదు, మళ్ళీ తేలేదు.

2024 ఎండాకాలం ఇంకో రకం పరీక్ష. మే నెలలో మన ఎండలకి కుప్ప మూడు రోజుల్లో ఎండిపోయి లోపల పని ఆగిపోతుంది. తడిపిన గోనెసంచులు కప్పి, రోజు విడిచి రోజు బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పోసేదాన్ని. మా బోరు నీళ్ళు ఉప్పు, వీలైనంత తక్కువ వాడా. ఆర్ఓ మెషిన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు వృథా కదా అని పొయ్యకండి, అందులో బోరు నీళ్ళ కన్నా ఉప్పు ఇంకా ఎక్కువ ఉంటుంది.

జీవామృతం సంగతి అందరూ అడుగుతారు. మన గుంటూరులోనే రైతు సాధికార సంస్థ ఉంది, 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం వాళ్ళే నడిపిస్తున్నారు, కాబట్టి ఇక్కడ దీని గురించి తెలియని వాళ్ళు తక్కువ. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, పది కిలోల నాటు ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు మంచి మట్టి అని లెక్క. నేను దాన్ని పది లీటర్లకి కుదించి, అరకిలో పేడ, పావు లీటరు పైన మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండితో నీడలో రెండు రోజులు ఉంచి, పూటకోసారి కలిపి పాదులకి పోస్తున్నా. నా అభిప్రాయం ఏంటంటే అది తోడు లాంటిది. పాలు ఉంటేనే తోడు పనిచేస్తుంది, మట్టిలో ఆకు, చివికిన ఎరువు లేకుండా వట్టి జీవామృతం ఎన్నిసార్లు పోసినా ఆ వచ్చిన జీవులకి తినడానికి ఏముంటుంది.

అసలు మార్పు తెలిసింది 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో వానలకి. బెజవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా మునిగిపోయిన వానలు అవి, మా చెల్లెలు వాళ్ళు అక్కడే ఉంటారు, నీళ్ళు తగ్గాక పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసి పన్నెండు రోజులు ఉన్నారు. ఆ హడావిడిలో నేను పెరడు మాటే మర్చిపోయా. మా ఆయనే వెనక తలుపు తీసి పిలిచారు. అంతకుముందు ఏళ్ళల్లో ఆ మాత్రం వాన పడితే రెండు మూడు రోజులు పెరట్లో కప్పలు అరిచేవి, నీళ్ళు అలాగే నిలబడి ఉండేవి. ఈసారి గ్రావెల్ దారి మీద నీళ్ళున్నాయి, పాదులు వేసిన చోట చుక్క నిలవలేదు. కంపోస్ట్ మొదలుపెట్టకముందు ఒక అడుగు గొయ్యి తీసి నీళ్ళు పోసి చూసుకున్నా, ఇంకడానికి ఒక రాత్రి పట్టింది. వానలు తగ్గాక పాదుల దగ్గర మళ్ళీ అలాగే చూసా, గంటన్నరలో ఖాళీ. బంకమన్ను ఎక్కడికీ పోలేదు, అదే మన్ను, కానీ సూక్ష్మజీవులు వదిలే జిగురు, శిలీంధ్రాల దారాలు ఆ మన్నుని రవ్వ రవ్వగా కట్టిపెట్టాయి, రవ్వల మధ్య సందుల్లోంచి నీళ్ళు దిగాయి. చేత్తో తీస్తే పిట్టు లాగా విడిపోతోంది. టైల్స్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఒక పారెడు మట్టి తీసి లెక్కపెడితే పదకొండు వానపాములు. యూరియా చల్లిన రోజుల్లో ఒక్కటి కనపడితే గొప్ప. నేను ఎక్కడా కొని వదల్లేదు, తిండి ఉందని తెలిసి అవే వచ్చాయి. గోంగూర నడుమెత్తు వచ్చింది, వీధిలో నాలుగిళ్ళకి పంచా. బీరపాదు వేపచెట్టు ఎక్కేసింది. మందారానికి పిండినల్లి ఇప్పటికీ వస్తుంది, కానీ చెట్టు తట్టుకుంటోంది. ఇంటి ముందు ఉన్న గరిక లాన్‌కి కూడా యూరియా ఆపేసి, గడ్డి మరీ మొదలంటా కొట్టకుండా మూడు వేళ్ళ ఎత్తు ఉంచి, కోసిన గడ్డి పల్చగా అక్కడే వదిలేసి, ఏడాదికి రెండుసార్లు జల్లించిన కంపోస్ట్ అరంగుళం చల్లుతున్నా. రెండో భూసార పరీక్షలో పాదుల దగ్గర కార్బన్ 0.78 వచ్చింది. పీహెచ్ 7.9. పీహెచ్ అంత త్వరగా తగ్గదు, నేనూ ఆశపడట్లేదు.

చివరగా తులసికోట. అత్తయ్యగారు నా కంపోస్ట్ ఎంత మెచ్చుకున్నా కోటలో మాత్రం వెయ్యనివ్వలేదు. అందులో ఎంగిలి కలిసి ఉంటుంది, తులసమ్మకి ఎంగిలి పెడతామా అన్నారు. అది ఆవిడ నమ్మకం, నేను వాదించలేదు. 2023 ఉగాదికి రాలిన వేపాకు కొంత విడిగా ఒక జాలీలో వేసి, దాంట్లో పూజలో తీసేసిన పూలు, మారేడు దళాలు తప్ప ఇంకేమీ వెయ్యకుండా తడి ఆరకుండా చూసుకుంటూ వచ్చా. వట్టి ఆకు వేడెక్కదు, శిలీంధ్రాలు నెమ్మదిగా తింటాయి, ఏడాది పైనే పడుతుంది. 2024 కార్తీక మాసానికి అది దిగింది. పొడిగా, తేలిగ్గా, అడవిలో నేల వాసన. కోట పక్కన చేటలో పెట్టి ఇందులో ఆకూ పూలూ తప్ప ఏమీ లేవు అత్తయ్యా అని చెప్పి లోపలికి వచ్చేసా. సాయంత్రం దీపం పెట్టే ముందు చూస్తే ఆవిడ కోటలో పాత మట్టి పైపైన వేళ్ళతో కదిపి, రెండు దోసిళ్ళు పోసి సర్దుతున్నారు. నన్ను చూసి, "అమ్మాయ్, ఇంకో దోసెడు తే" అన్నారు.